చప్పుడు పోయిన తలుపు

పోయిన వారం మనం పెన్సిలును తరగతి గది గుమ్మంలో నిలబెట్టి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది.

సంగతి మరిచినవాళ్ళ కోసం రెండు ముక్కలు. పెన్సిలు వడ్రంగి కూతురు. నాన్నలాగే చెవి మీద పెన్సిలు పెట్టుకుని తిరుగుతుంది గనుక కాలేజీలో ఆ పేరు పడింది. అసలు పేరు హాజరు పిలిచేవాళ్ళకు తప్ప ఎవరికీ పట్టదు. బొమ్మలు బాగా వేస్తుంది. అలాంటి పిల్ల బొమ్మల తరగతి వదిలి రేడియో తరగతిలో కూర్చుంటానంది. చేపకు చెట్టెక్కాలని బుద్ధి పుట్టిందన్నారు నలుగురూ. రేడియో మేడమ్ మాత్రం నవ్వలేదు. అర నిమిషం ప్రకటన ఒకటి తయారుచేసి చూపించు, అది నెగ్గితే ఇక్కడే ఉండు, లేకపోతే నీ బొమ్మల దగ్గరికి పో అంది. దేని మీద ప్రకటన అంటే పెన్సిలు దూరం పోలేదు. నాన్న కొట్టు మీదే. కిర్రుమనే తలుపుల నోరు మూయించే కొట్టు.

రేడియో ప్రకటనైనా సరే, ముందు గోడ మీద బొమ్మలుగా పెట్టాలని మేడమ్ పట్టు. ఒక్కో గడిలో ఒక బొమ్మ, దాని కింద ఆ క్షణాన వినబడే చప్పుడు. చెవికి పెట్టబోయేది ముందు కంటికి చూపించాలంటుంది ఆవిడ. పెన్సిలు ఎనిమిది గడులు గీసి నిన్న సాయంత్రం గోడకు అంటించి ఇంటికి పోయింది. పొద్దున వచ్చి చూస్తే ఆరో గడి నిండా ఎర్ర సిరా. అక్కడ ఆగాం.

ఆ గడిని ఆ పిల్ల ఖాళీగా ఉంచింది. పైన బొమ్మ లేదు, కింద చప్పుడు లేదు. ఇప్పుడు అందులో పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే మనిషి తల ఒకటి వెలిసింది. తలకు చెవులు లేవు. దాని కింద 'డింగ్ డాంగ్! మీ తలుపు, మా పూచీ!' అని రాసి, ఆశ్చర్యార్థకాలను కంచెకు గుంజలు పాతినట్టు పాతారు.

రాత ఎవరిదో విచారించక్కర్లేదు. స్పీకరుది. ఈ ప్రకటన జట్టులో ఉన్నది ఇద్దరే, రెండోవాడు వీడు. వీడు గ్రంథాలయంలో గుసగుసలాడితే వరండాలో ఉన్నవాడు జవాబు చెబుతాడు. అంత గొంతు. మనసూ అంతే పెద్దది, చిక్కంతా అక్కడే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు.

స్పీకరు ఈల వేసుకుంటూ వచ్చాడు. గోడ ముందు పిల్ల నిలబడి ఉండటం చూసి, మెచ్చుకోలుకు సిద్ధంగా చేతులు కట్టుకున్నాడు. నిన్న అందరూ పోయాక గది ఊడవడం వాడి వంతు. చీపురు పట్టుకుని చూస్తే ఆరో గడి బోసిగా కనబడిందట. పాపం తొందరలో మరిచిపోయింది, పొద్దున్నే మేడమ్ చూస్తే అరకొర పని అంటుంది అని జాలేసిందట. చీపురు పక్కన పడేసి, పక్క గదిలో ఎర్ర కలం అడిగి తెచ్చి, నడుం నొప్పి పుట్టేదాకా వంగి గీశాడట. ఇదంతా చెప్పి, మెచ్చుకోలు ఇంకా రాలేదేమని పిల్ల ముఖంలోకి చూశాడు.

పెన్సిలు ఆరో గడి మీద వేలు ఆనించింది. వాళ్ళింట్లో మాటంటే కొయ్యలాంటిది. కొలవకుండా కొయ్యరు.

"అది వదిలేసిన గడి కాదురా," అంది చివరికి. "పెట్టిన గడి."

"ఖాళీని పెట్టడమేంటి?"

"అక్కడ తలుపు తెరుచుకుంటుంది. చప్పుడు రాదు. మా నాన్న చేసే పని అదే. దానికి ఏం బొమ్మ వెయ్యను?"

స్పీకరు గోడ వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు, మళ్ళీ గోడ వైపు చూశాడు. మొదటి గడిలో మూసిన తలుపు. రెండో గడిలో అది తెరుచుకుంటుంటే పొడుగాటి కిర్రు. మూడో గడిలో ఉలిక్కిపడి లేచిన పసిపిల్ల, ఏడుపు. నాలుగో గడిలో ఊయల ఊపి ఊపి వేసారిన తల్లి, మళ్ళీ అదే కిర్రు, మళ్ళీ అదే ఏడుపు. ఐదో గడిలో మనిషి కనబడడు, రెండు చేతులే. నూనె చుక్క, సుత్తి దెబ్బ. ఏడో గడిలో నిద్రపోతున్న పిల్ల ఊపిరి. ఎనిమిదో గడిలో కొట్టు పేరు. మధ్యన ఆరో గడి. తలుపు నోరు మూసుకున్న చోట తాను గీసిన మనిషి నోరు తెరుచుకుని ఉన్నాడు. అప్పటికి వాడి మెడ దాకా ఎరుపెక్కింది. కలంలో సిరా అయిపోయినా ముఖంలో మిగిలింది.

బ్లేడుతో గీకేస్తానన్నాడు. గీకితే కాగితం చిరుగుతుందని పెన్సిలు ఆపింది. ఇద్దరూ కలిసి తెల్ల కాగితం ముక్క కత్తిరించి ఆ గడి మీద అతికించారు. మిగతా గడులు వేళ్ళు తగిలి మాసి ఉన్నాయేమో, ఆ ఒక్కటి కొత్తగా పెట్టించుకున్న పన్నులా తెల్లగా మెరిసింది.

జిగురు ఆరకముందే మేడమ్ వచ్చింది. ఆవిడ సన్నటి మనిషి. కళ్ళజోడు తాడుకు వేలాడుతుంది గానీ కళ్ళ మీద ఉండటం తక్కువ. ఎవరైనా మాట్లాడితే ముఖం చూడదు, తల ఓ పక్కకు వంచి నేల చూస్తుంది. కొత్తవాళ్ళకు అది నిర్లక్ష్యంలా ఉంటుంది. ఆవిడ వినే తీరు అది.

గోడ మీది గడుల్ని ఎడమ నుంచి కుడికి, పెదవులు కదుపుతూ చదివింది. తెల్ల గడి దగ్గర పెదవులు ఆగాయి. ఇదేంటని అడిగింది. స్పీకరు తన తప్పు చెప్పుకోబోయాడు. దాని సంగతి కాదని ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. పెన్సిలు, స్పీకరుకు చెప్పిన నాలుగు మాటలే మేడమ్‌కూ చెప్పింది. ఐదోది వెతికినా ఆ పిల్ల దగ్గర దొరకదు.

మేడమ్ బల్ల అంచున కూర్చుంది. రేడియోలో చప్పుడు ఆగిపోవడం కంటే పెద్ద గండం లేదని చెప్పుకొచ్చింది. మాట తడబడినా జనం ఓర్చుకుంటారు. పాట గీరుకున్నా ఓర్చుకుంటారు. గుక్క తిప్పుకునేంతసేపు ఏమీ వినబడకపోతే మాత్రం పెట్టె పాడైందనుకుని నెత్తిన ఒకటి మొత్తుతారు, లేదా మరలు తిప్పి ఇంకో స్టేషనుకు పోతారు. పోయినవాళ్ళు మళ్ళీ రారు. కాలేజీ స్టేషనులో రేపు ప్రకటనలు విని ఎంచేది ఆవిడ ఒక్కతే కాదు, స్టేషను నడిపే పెద్దలు ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళు గడియారం ముందు పెట్టుకుని వింటారు.

"ఖాళీని వినమని అడుగుతున్నావమ్మా నువ్వు," అంది. "ఎందుకు వినాలి వాళ్ళు?"

ఇది అడగాల్సిన ప్రశ్నే. వాదన చేతనైన పిల్లయితే గంటసేపు వాదించేది. పెన్సిలుకు ఆ విద్య రాదు. ఇద్దర్నీ కళ్ళు మూసుకోమంది. కాళ్ళు వదులైన కుర్చీ ఒకటి లాగి గోడ పక్కన పెట్టుకుంది. స్పీకరు భుజం తట్టి పసిపిల్ల వంతు నీదేనని చెవిలో చెప్పింది.

కుర్చీని వెనక్కు వంచితే మూలిగింది. స్పీకరు ఏడుపు అందుకున్నాడు. చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తం అనుకున్నాడో ఏమో, ప్రాణం పెట్టి ఏడ్చాడు. పక్క గదిలో పాఠం ఆగిపోయింది. మళ్ళీ కుర్చీ మూలుగు, మళ్ళీ ఏడుపు. పెన్సిలు చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద రెండుసార్లు కొట్టింది, అది సుత్తి. ఆ తరువాత కుర్చీ ముట్టుకోలేదు. కదల్లేదు.

గదిలో ఫ్యాను రెక్క ఒకటి ఎక్కడో తగులుతూ ఉంది. ఎవరో దూరంగా మెట్లు దిగుతున్నారు. మేడమ్ కళ్ళు మూసుకునే ఉంది గానీ బల్ల మీది చెయ్యి నాలుగు వేళ్ళ ఎత్తు లేచి గాలిలో ఆగింది. ఇప్పుడు ఏడుస్తుంది, ఇదిగో ఇప్పుడు ఏడుస్తుంది అని కాచుకున్న చెయ్యి అది. ఏడుపు రాలేదు. పెన్సిలు ముక్కుతో మెల్లగా ఊపిరి తీసి వదిలింది, నిద్రపోయే పిల్లలా. మేడమ్ చెయ్యి కిందికి దిగింది.

కళ్ళు తెరిచాక ఆవిడ కాసేపు నేల చూసింది.

"ఖాళీ బాగుంది. చప్పుడే అబద్ధం," అంది. "కుర్చీ మూలిగితే నాకు కుర్చీయే కనబడింది. ముందొచ్చే కిర్రు పళ్ళు జివ్వుమనిపించాలి. అప్పుడే వెనకొచ్చే ఖాళీ మంచినీళ్ళు తాగినట్టుంటుంది. అలాంటి తలుపు ఒకటి తీసుకురా. నీ గడి జోలికి నేనూ రాను, ఇంకొకర్ని రానివ్వను."

స్పీకరు కళ్ళు ఇంతింత అయ్యాయి. తీసుకురావడమెందుకు మేడమ్, వీళ్ళింట్లోనే ఉంది అన్నాడు. ఆ తరువాత ఆ తలుపు గురించి వాడు చేసిన వర్ణన విని తీరాల్సిందే. అది ముందు గొంతు సవరించుకుంటుందట. తరువాత ఏదో అడుగుతున్నట్టు పైకి లాగుతుందట. జవాబు రాకపోతే తోడికోడలు మీద చాడీ చెప్పినట్టు సాగదీసి సాగదీసి గోడకు తగిలి ఆగుతుందట. తలుపు తట్టే పని ఆ ఇంట్లో ఎవరికీ లేదు, కాస్త ఆనుకుంటే చాలు. వీధిలో ఎవరు ఎప్పుడు వచ్చారో ఎప్పుడు పోయారో ఆ తలుపును అడిగితే చెబుతుంది.

దీపం కింద చీకటి అంటారే, అదీ సంగతి. ఊళ్ళో తలుపులన్నీ సరిచేసే మనిషికి సొంత తలుపు సరిచేయడానికి తీరిక దొరకలేదు. అమ్మ అడగడం, నాన్న రేపు అనడం, ఈ రెండూ ఆ ఇంట్లో గోడ గడియారంలా ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి.

అయితే ఈ సాయంత్రమే పోదాం, నేనూ వస్తానంది మేడమ్. పెన్సిలు వరండాలోకి పోయి నాన్నకు ఫోను చేసింది.

"మేడమ్ మన తలుపు చూడ్డానికి వస్తున్నారు నాన్నా."

"మన తలుపా?"

"ఆ."

"సరే."

ఇద్దరూ పెట్టేశారు. తండ్రీకూతుళ్ళ చేతుల్లో ఫోను వేడెక్కడం ఎవరూ చూడలేదు. ఇంకో ముక్క ఎక్కువ మాట్లాడి ఉంటే ఈ వారం కథ ఇంకోలా ఉండేది.

దారిలో స్పీకరు రికార్డరు మెడలో వేసుకుని ముందు నడిచాడు. ఇవాళ నోరు మెదపనని మేడమ్‌కు మాటిచ్చాడు, ఆ సంగతి దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. పెన్సిలు వెనకబడింది. తలుపు సంగతి తేలిపోయింది గానీ లోపల ఇంకొకటి తేలలేదు. అది అమ్మ సంగతి.

అమ్మ బట్టలు కుడుతుంది. ముందు గదిలో వీధి తలుపుకు వీపు పెట్టి, కిటికీ వెలుతురుకు ఎదురుగా మిషను వేసుకుని పొద్దంతా కూర్చుంటుంది. రేడియో తరగతి మాట చెప్పిన రోజున నాన్న మంచిదేనన్నాడు. అమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ "చూద్దాం" అంది. అంతే, ఇప్పటికి నెలలు దాటాయి. మౌనం అర్ధాంగీకారం అని లోకం అంటుంది. అమ్మ దగ్గర ఆ లెక్క చెల్లదు. అమ్మ చూద్దాం అందంటే గుడ్డ ఇంకా కత్తెర కిందికి రాలేదని అర్థం. రేపు మేడమ్, ఆ పెద్దలిద్దరూ ఔనన్నా, అమ్మ ఔనననిదే ఆ తరగతిలో కూర్చోవడం పెన్సిలుకు ఒంటికి పట్టదు. ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు గానీ, మేడమ్ ఇంటికి వస్తానన్నప్పుడు లోపల సంతోషించింది అందుకే. అమ్మ ఎదురుగా తన పని జరుగుతుంది. చూద్దాం అన్న మనిషి చూస్తుంది.

వాళ్ళ వీధి ఇరుకు. ఒక పక్క సైకిళ్ళ కొట్టు, ఇంకో పక్క బట్టలుతికే ఇల్లు, మధ్యన నాన్న కొట్టు, దాన్ని ఆనుకుని ఇల్లు. కొట్టు ముందు చెక్క పొట్టు గాలికి మూలకు చేరి ఉంది. మలుపు దగ్గరే ఆగి పెన్సిలు ఇద్దరికీ పని చెప్పింది. తలుపు ముట్టుకోకముందే రికార్డరు తిరుగుతూ ఉండాలి. ముందు వీధి చప్పుడు పడాలి, తరువాత గొళ్ళెం, తరువాత కిర్రు. లోపలికి వెళ్ళి తలుపు గోడకు తగిలేదాకా ఎవరూ పెదవి విప్పకూడదు. స్పీకరు తల ఊపి మీట నొక్కాడు. పిల్లి అడుగులేసుకుంటూ ముగ్గురూ గుమ్మం చేరారు.

పెన్సిలు గొళ్ళెం ఎత్తింది. తలుపు మీద చెయ్యి వేసి తోసింది.

తలుపు తెరుచుకుంది.

అంతే. తెరుచుకుంది. ఈక జారినట్టు జారి, గోడ దాకా పోయి, గోడకు తగలకుండా ఆగింది. ఊపిరి కూడా వదల్లేదు. పెన్సిలు దాన్ని వెనక్కు లాగి మళ్ళీ తోసింది. లేదు. మెడ వంచి చూస్తే బందులు నిగనిగలాడుతున్నాయి. కింద రాసుకునే అంచు చిత్రిక పట్టి ఉంది. కొత్త మేకుల తలలు మెరుస్తున్నాయి.

కొట్టు కిటికీలోంచి నాన్న చూస్తున్నాడు. చేతిలో నూనె డబ్బా. కూతురి మేడమ్ అంతటి మనిషి వచ్చి తన ఇంటి తలుపు చూస్తుందంటే, వడ్రంగి అన్నవాడు ఏం చేస్తాడు? అమ్మ కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి అలా బయటికి పోగానే పని మొదలుపెట్టాడు. ఆమె తిరిగొచ్చే వేళకు తలుపు ఊడదీసి, గీసి, బందులు మార్చి, నూనె పోసి, బార్లా తెరిచి ఉంచాడు. ఆమె లోపలికి పోయాక వచ్చి మెల్లగా చేరవేశాడు. మెడ వంచి కుట్టుకుంటున్న మనిషికి ఏమీ తెలియలేదు. ఏళ్ళ తరబడి రేపు రేపు అన్న పని ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆయన ముఖం మాత్రం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగిపోతోంది. ఎలా ఉంది అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

ఆ ముఖం చూసి ఏమనగలరు ఎవరైనా? పెన్సిలు బాగుందన్నట్టు తల ఊపింది. స్పీకరు మింగలేక కక్కలేక నిలబడ్డాడు. మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో దగ్గో తెలియలేదు.

అప్పుడు వినబడింది.

లోపల మిషను నడుస్తోంది. మిషను మీద నుంచి ఒక పాట వస్తోంది. రేడియో కాదు, ఆ ఇంట్లో రేడియో లేదు. అమ్మ. వీపు ఇటు, ముఖం కిటికీకి, కాలు తొక్కుడు మీద. ఆ తొక్కుడుకు తాళం కుదిరేలా, ఒక చొక్కా చంకలో కుట్టు వేస్తూ, గొంతు విప్పి పాడుతోంది.

"సిమెంటు కొట్టు కోడలమ్మ, సిరిగల్ల కోడలమ్మ,
నడుం కొలత అడిగితే నిరుటి కొలత చెప్పిందమ్మా.
గుడ్డకేమొ మొగమాటం, కుట్టుకేమొ మొగమాటం,
గుండీ ఒక్కటే ఉన్నమాట, పుటుక్కుమని అంటుందమ్మా."

పెన్సిలు పుట్టి బుద్ధెరిగాక అమ్మ పాడటం వినలేదు. అమ్మ మాట్లాడటమే తక్కువ. ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఆ పిల్ల ఒక్క క్షణంలో సంగతంతా తెలుసుకుంది. ఇన్నేళ్ళూ పాడుతూనే ఉంది. ఎవరైనా గడప మీద అడుగుపెట్టేలోపే తలుపు ముందుగా కూసేది, అమ్మ పాట మింగేసేది. ఇంట్లోకి వచ్చినవాళ్ళకు ఎప్పుడూ మిషను చప్పుడు, ఒక మౌనపు వీపు, అంతే దొరికేవి.

నాన్న కొట్టు వదిలి వచ్చి వెనక చేరాడు. ఏమైందని అడగబోయి నోరు అలాగే ఉంచేశాడు. లోపల చొక్కా తిరగబడింది, పాటా తిరగబడింది.

"ఊరి తలుపులు ఆయన చేతి కింద పడతాయి,
మా తలుపొకటి ఆయన మాట కింద పడింది.
రేపు వస్తే చేస్తాడమ్మ, రేపటికి దారి తెలీదు,
మేకు కొట్టే చేతికేమొ మేమున్న వీధి తెలీదు."

నాన్న నూనె చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. ఆ చొక్కా కుట్టిందీ ఆవిడే. ఆయన కోపగించుకోలేదు. తల పక్కకు వంచి, మేడమ్ ఎలా వింటోందో అలాగే వింటున్నాడు. ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు కాపురం చేసి, గుమ్మం బయట నిలబడి పెళ్ళాన్ని కొత్తగా చూస్తున్న మనిషిలా ఉన్నాడు.

అమ్మ కుట్టిన చొక్కా మడిచి పక్కన పెట్టింది. కింద నుంచి ఇంకో గుడ్డ తీసింది. లేత నీలం గౌను, ఇంకా కుట్టు పడనిది. పెన్సిలు ఆ గుడ్డ ఎరుగును. పోయిన నెల అమ్మ కొని తెచ్చి ఎవరిదో చెప్పకుండా దాచింది. అమ్మ దాన్ని ఒళ్ళో పరిచి, టేపు భుజం మీద నుంచి లాగి, ఈసారి మెల్లగా అందుకుంది.

"నా అమ్మడుకు కుట్టబోతే నా టేపు చాలలేదు..."

పెన్సిలు దగ్గింది.

ఎందుకు దగ్గావని స్పీకరు తరువాత అడిగాడు. నెలల తరబడి ఏ మాట కోసం కాచుకుందో ఆ మాట పెదవి చివర ఉంది. ఇంకొక్క గుక్క ఆగితే తెలిసేది. కానీ అది అమ్మ ఎవరికీ చెప్పని మాట. ఇంతమందిని వెంటబెట్టుకుని అమ్మ వీపు వెనక నిలబడి అందుకునే మాట కాదు. తలుపు ఇన్నేళ్ళూ చేసిన మర్యాద ఇవాళ ఎవరో ఒకరు చెయ్యాలి.

మిషను ఆగింది. అమ్మ తిరిగి చూసింది. గుమ్మంలో కూతురు, ఒక కొత్తావిడ, స్పీకరు, వాళ్ళ తలల మీద నుంచి మొగుడి ముఖం. తరువాత తలుపు చూసింది. బందులు చూసింది. నూనె డబ్బా చూసింది. కుట్టుపని చేసేవాళ్ళ కంటికి ఏదీ చెప్పక్కర్లేదు. చివరికి చూపు స్పీకరు మెడ దగ్గర ఆగింది.

"ఆ ఎర్ర దీపం ఏంటి?"

స్పీకరు తన మెడకేసి చూసుకున్నాడు. వీధి చప్పుడు కోసం నొక్కిన మీట నొక్కినట్టే ఉంది. వాడు తేలు కుట్టిన దొంగలా గుడ్లు మిటకరించాడు. మాట్లాడనని మాటిచ్చిన మనిషికి మొదటిసారిగా ఆ మాట కలిసొచ్చింది.

"నీ పాటమ్మా," అంది పెన్సిలు. "తలుపు కిర్రు కోసం వచ్చాం. అది లేదు. నీ పాట పడింది. చెరిపెయ్యమంటే ఇప్పుడే చెరిపేస్తా."

పిల్ల ఒక్కసారే అన్ని మాటలు మాట్లాడటం ఆ ఇంట్లో అపురూపం. అమ్మ దాన్ని గమనించినట్టే ఉంది. నీలం గౌను మడిచి వీపు వెనక పెట్టుకుంది. మేడమ్ ముందుకు వచ్చి తానెవరో చెప్పుకుంది. తప్పు తనదేనంది. ఆ వెనకే, ఆగలేక కాబోలు, మనసులో ఉన్నది కూడా చెప్పేసింది. కిర్రు పోతే పోయింది, ఈ పాట దొరికితే ఆరో గడికి భయం లేదు. కుట్టుకుంటూ పాడే ఇల్లాలు, తలుపు కిర్రుమనగానే నోట్లోనే ఆగిపోయే పాట. తలుపు బాగయ్యాక, మనిషి లోపలికి వచ్చినా ఆగని పాట. కిర్రు కావాలంటే పాత బందులు ఉండనే ఉన్నాయి, వడ్రంగిగారు వేరే చెక్కకు బిగించి ఇస్తారు. కానీ ఇచ్చేదీ ఇవ్వనిదీ పాడినవాళ్ళ ఇష్టం.

పెన్సిలు అమ్మనే చూస్తోంది. చెవి మీది పెన్సిలు ఎప్పుడు చేతిలోకి వచ్చిందో తెలీదు. బొటనవేలు దాని ములుకు మీద నొక్కుకుపోతోంది.

అమ్మ కత్తెర తీసి మిషను బల్ల మీద పెట్టింది.

"ముందు నన్ను విననివ్వు," అంది కూతురితో. "ఇన్నేళ్ళు పాడాను గానీ ఎలా ఉంటుందో నాకూ తెలీదు. విన్నాక చెబుతా. పాట సంగతీ, నీ తరగతి సంగతీ."

చూద్దాం నుంచి విన్నాక చెబుతా దాకా వచ్చింది. పెన్సిలుకు ఆ దూరం తెలుసు. స్పీకరు రికార్డరు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. నాన్న పీట లాగి మేడమ్‌ను కూర్చోబెట్టి, తలుపు జాగ్రత్తగా చేరవేసి వచ్చాడు. అది చప్పుడు చేయలేదని ఆయనొక్కడే సంతోషించాడు. ఐదుగురూ ఆ చిన్న పెట్టె మీదికి వంగారు, చలిమంట చుట్టూ వంగినట్టు.

ముందు వీధి వచ్చింది. సైకిలు గంట. గొళ్ళెం ఎత్తిన చప్పుడు. తరువాత మిషను, మిషను మీద అమ్మ గొంతు. తన గొంతు తనకే ఎదురొచ్చేసరికి అమ్మ చెయ్యి నోటికి అడ్డం పోయింది. కళ్ళు మాత్రం మెరిశాయి.

"సిమెంటు కొట్టు కోడలమ్మ, సిరిగల్ల కోడలమ్మ, నడుం కొలత అడిగితే..."

నాన్న భుజాలు కదిలాయి. మేడమ్ పీట మీద ఊగింది. అమ్మ కూడా నవ్వేసింది, ఆపుకోవాలని చూసి ఆపుకోలేక. స్పీకరు మాటిచ్చిన సంగతి మరిచి గొంతు కలిపాడు. గుండీ దగ్గరికి వచ్చేసరికి అందరి నవ్వూ ఒక్కటైంది. బల్ల మీది సూదుల డబ్బా గలగలలాడింది.

వెలుతురు మీద ఏదో నీడ పడింది. ముందుగా గమనించింది పెన్సిలు. తల తిప్పింది.

తలుపు తెరిచే ఉంది. ఎప్పుడు తెరుచుకుందో ఎవరికీ తెలీదు. గడప మీద ఒకావిడ నిలబడి ఉంది. అమ్మ కుట్టిచ్చిన రవికే కాబోలు, మడిచి చంకన పెట్టుకుంది. రెండో చేతి గుప్పిట్లో తెగిపోయిన గుండీ ఒకటి పట్టుకుంది. వీధి ఎండ వెనక నుంచి పడుతుండటంతో ముఖం చీకటిగా ఉంది. నవ్వుతోందో లేదో కనబడలేదు.

రికార్డరు ఇంకా పాడుతూనే ఉంది. అమ్మ దాని మీదికి చెయ్యి చాచింది గానీ ఏ మీట నొక్కాలో తెలియలేదు.

"ఆపకండి," అంది సిమెంటు కొట్టు కోడలు. "మొదటి నుంచి పెట్టండి. నేను సగం నుంచే విన్నాను."